జన్యుక్రమం చేతికొస్తే శుద్ధి అక్కర్లేదా?

జన్యుక్రమం దొరికాక ఎంజైములను శుద్ధి చేయడం కాలం చెల్లిన చాకిరీ అంటున్నారు కొందరు. కంప్యూటరు ముందు కూర్చుంటే తెలిసేదానికి, చలిగదిలో కాలమ్‌ల పక్కన కాపలా ఎందుకని వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నలోనే తప్పుంది. డీఎన్ఏను కాపీ చేసే ఎంజైముల, అంటే పాలిమరేజ్‌ల విషయంలో అది ఎంత పెద్ద తప్పో బేకరీ ఈస్ట్ ఒక్కటే చాలు చూపడానికి.

ఈ శిలీంధ్రపు జన్యుక్రమం 1996లోనే పూర్తిగా వెలువడింది. దెబ్బతిన్న డీఎన్ఏ మీదుగా కాపీని ముందుకు నడిపే జీటా పాలిమరేజ్‌ను శుద్ధి చేసి చూపిందీ ఆ ఏడే. అందులో ఉన్నవి రెవ్3, రెవ్7 అనే రెండు ప్రొటీన్లేనని అప్పటి నిర్ణయం. నిజానికి నాలుగున్నాయని 2012లో తేలింది. కొత్తగా చేరిన పోల్31, పోల్32 డెల్టా పాలిమరేజ్‌లో భాగాలుగా అందరికీ తెలిసినవే, వాటి జన్యువులూ తెలిసినవే. అవి జీటాతోనూ జతకడతాయన్న సంగతి మాత్రం ఏ అక్షరాల వరుసలోనూ లేదు. శుద్ధి చేసినకొద్దీ ఆ నాలుగూ విడిపోకుండా కలిసే రావడంతో బయటపడింది.

ఇనుము సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. ప్రధాన పాలిమరేజ్‌ల చివరి భాగంలో సిస్టీన్ల అమరిక చూసి అక్కడ జింకు ఉంటుందని ఏళ్ల తరబడి నమ్మారు. ఈస్ట్ ప్రొటీన్లను తీసి పరీక్షిస్తే ఒక చోట ఇనుము, గంధకం కలిసిన గుచ్ఛం కనిపించింది. డెల్టాలో అది లేకపోతే తోటి ప్రొటీన్లు సరిగ్గా అతుక్కోవు. క్రమం చదివి ఊహించిన లోహమే తప్పయినప్పుడు, చదివితే చాలని ఎలా అంటారు?

శుద్ధిలోనూ మోసపోయే వీలుంది, కాదనను. ఈస్ట్ కణాన్ని పగలగొట్టగానే దానిలోని ప్రొటీయేజులే పాలిమరేజ్‌ను కొరికేస్తాయి. రెండు వందల కిలోడాల్టన్లు దాటిన ఎప్సిలాన్ పాలిమరేజ్ 145 కిలోడాల్టన్ల ముక్కగానూ చేతికొచ్చింది. ఆ ముక్క కూడా డీఎన్ఏను చక్కగా కాపీ చేస్తుంది! దీనికి మందు ఇంకా జాగ్రత్తగా శుద్ధి చేయడమే: ప్రొటీయేజులు లోపించిన రకాలను పెంచడం, నిరోధకాలు కలపడం, చల్లగా, త్వరగా పని ముగించడం.

పరీక్షనాళికలో పనిచేసిందల్లా కణంలోనూ అదే పని చేస్తుందని నమ్మకూడదన్నదీ నిజమే. ఆర్థర్ కోర్న్‌బర్గ్ శుద్ధి చేసిన ఈ.కోలై పాలిమరేజ్ దాదాపు లేకున్నా ఆ బాక్టీరియా బతుకుతుందని 1969లో జాన్ కెయిర్న్స్ బృందం చూపింది. మరి అసలు కాపీ చేసే పాలిమరేజ్ ఎలా దొరికింది? ఆ లోపమున్న బాక్టీరియా కణాలనే పగలగొట్టి, సారం తీసి, దాన్ని కాలమ్‌లకు ఎక్కిస్తేనే దొరికింది.