గట్టు మీద నీటికుండ

వరికి ఎన్ని తడులు, కూరగాయలకు ఎన్నాళ్లకొక తడి అని మా శాఖవారము లెక్కకట్టి చెప్పుచుందుము. ఆ మడిలో ఎండకు నిలిచిన మనిషికి ఎంత నీరు కావలెనో చెప్పము. అది వైద్యుల పని అని కొందరందురు. కాదు, మన పనియే.

మూత్రపిండముల జబ్బులు కొన్ని పుట్టుకతో వచ్చును. మగబిడ్డకు మూత్రధార సన్నగా, బొట్లు బొట్లుగా పడుచున్నచో లోపల అడ్డు ఉండవచ్చును. ఆలస్యము చేయక డాక్టరుకు చూపవలెను. తిత్తుల జబ్బు వంశములో దిగును. నడుమ వచ్చు జబ్బులకు మధుమేహము, రక్తపుపోటు పెద్ద కారణములు. ఆ రెండును లేని వారికి కూడ శ్రీకాకుళం జిల్లా ఉద్దానములో, కవిటి, సోంపేట ప్రాంతములలో, మూత్రపిండములు చెడుచున్నవి. ఏండ్ల తరబడి పరిశోధించినను ఫలానాదే కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభించిరి. నికరాగువా దేశములో ఇట్టి జబ్బే చెరకు నరికే కూలీలను పట్టినది. అక్కడ నీరు, నీడ, విశ్రాంతి కల్పించిన మీదట మూత్రపిండములకు తగులు దెబ్బ తగ్గినది.

మన ఉప్పల్, నాచారముల సంగతి చూడుడు. నాచారములో ఫ్యాక్టరీ కార్మికులకు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. ఉప్పల్ దగ్గర మూసీ ఒడ్డున పశుగ్రాసము కోయు కూలీకి ఆ బీమా లేదు. ఆడకూలీల కష్టము మరీ ఎక్కువ. నీళ్లు త్రాగితే మరుగుకు పోవలెను. చుట్టూ ఇండ్లు లేచిన చోట మరుగేది? అందుచేత దాహము అణచుకొని సాయంత్రము దాక నెట్టుకొత్తురు. నడుము నొప్పికి దుకాణములో బిళ్ల కొని మింగుదురు. ఎండిన ఒంటికి ఆ బిళ్ల మూత్రపిండముల పాలిట విషమే.

2005 నాటి ఉపాధి హామీ చట్టము పనిచోట త్రాగునీరు, నీడ ఉండవలెనని విధించినది. సొంత చేనిలో కుండ పెట్టి, నాలుగు గోనెపట్టాలతో మరుగు కట్టుటకు రైతుకు చట్టము కావలెనా? మధ్యాహ్నపు పని మాని తెల్లవారుజామునే మొదలిడిన కూలి వృథా కాదు. (ఇప్పటికే గుండె, మూత్రపిండముల జబ్బున్నవారు మాత్రము డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే నీరు త్రాగవలెను.)

మూత్రపిండములు చాలవరకు చెడినదాక నొప్పి తెలియదు. డయాలిసిస్ ఉచితమైనను వారమునకు రెండు మూడు దినముల కూలి పోవును. మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ చూచిన ముందే పసిగట్టవచ్చును. వేసవి గ్రామసభలలో ఎరువులతో పాటు ఈ రెండు పరీక్షల మాట కూడ ఎత్తవలెనని పంచాయతీ కార్యదర్శులను కోరుచున్నాను.