చెప్పని సంకల్పం

ఉగాది సభలలో మన సంఘాల వారికి బాగా తెలిసిన ముచ్చట ఒకటున్నది. పంచాంగ శ్రవణం కాగానే ఎవరో ఒకరు లేచి, "ఈ ఏడు తెలుగు చదవడం, వ్రాయడం నేర్చుకుని తీరుతాను" అంటారు. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళమో, కన్నడమో, ఒడియానో చదువుకున్నవారు. సభ చప్పట్లు కొడుతుంది. పెద్దలు భుజం తడతారు. మరుసటి ఉగాదికి వారే లేచి మళ్లీ ఆ మాటే అంటారు!

వారిని సోమరులనడానికి మాకు మనసొప్పదు. తప్పు ఆ చప్పట్లదే. 2009లో పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సహచరులతో కలిసి ఒక పరిశోధన ప్రకటించారు. న్యాయశాస్త్ర విద్యార్థులు తమ సంకల్పాలను వ్రాసి ఇచ్చారు. కొందరివి ఇతరులు చదివి గుర్తించారు, కొందరివి గుర్తించలేదు. తీరా పనిలోకి దిగేసరికి, గుర్తింపు పొందినవారే తక్కువగా పాటుపడ్డారు. మెప్పు ముందే దక్కితే సగం న్యాయవాదులమైపోయినట్టు మనసుకు తోస్తుంది కాబోలు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నవారికి ఈ సంగతి ఏనాడో తెలుసు.

అట్లని నోరు కుట్టుకోమని కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మంత్రాలోచనకు ఒక అధ్యాయమే ఉన్నది. ఆలోచన చేసే చోటికి పక్షుల చూపు సైతం సోకరాదట. చిలుకలు, గోరువంకలు రహస్యం బయటపెట్టిన కథలు ఉన్నాయంటాడు! అంతటి జాగ్రత్తపరుడు కూడ రాజును ఒంటరిగా ఆలోచించుకోమనలేదు. ముగ్గురు నలుగురు మంత్రులతో సంప్రదించమన్నాడు. దాచవలసింది మెచ్చుకునేవారి దగ్గర గాని, తప్పు చూపేవారి దగ్గర కాదు.

తెలుగు నేర్చుకునేవారికి ఇది మరీ అవసరం. కన్నడం చదివినవారికి మన అక్షరాలు దగ్గర చుట్టాలే. తమిళం చదివినవారికే చిక్కు. అక్కడ ఒక్క అక్షరం మోసే బరువును ఇక్కడ క, ఖ, గ, ఘ నాలుగూ పంచుకుంటాయి. పక్కన కూర్చుని దిద్దేవారు లేకపోతే ఒత్తులు కుదురుకోవు. తెలుగు చదవగల పెద్దలు కొన్ని ఇళ్లలో ఇప్పటికే ఒక్కరు మిగిలారు. ఆ అత్తగారికో, మేనమామకో మాత్రం చెప్పండి. పాలు, పెరుగు, ఇస్త్రీ బట్టలు అని రోజుకు నాలుగు పద్దులు తెలుగులో వ్రాసి చూపించండి. తాతగారి ఉత్తరాల కట్ట పెట్టెలో ఉన్నదా? పద్దు తడబడకుండా వచ్చిన నాడు పైదొకటి తీసి, ఆ పెద్దకు చదివి వినిపించండి. అందాకా సభలో ఊసెత్తవద్దు.