కొయ్యయు ఉక్కును

కొయ్యపని వేఱు, ఇనుపపని వేఱు అని తలచుట మనవారి వాడుక. కాని వడ్రంగియు కమ్మరియు కలిసి చేసిన వస్తువొకటి తరతరములుగా మన కన్నులయెదుటనే తిరిగినది. అది ఎడ్లబండి చక్రము. వడ్రంగి తుమ్మకొయ్యతో కుండయు, ఆకులును, పూటీలును అమర్చును. కమ్మరి చక్రపు చుట్టుకొలతకంటె ఇంచుక తక్కువైన ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి, అది సాగినవేళ చక్రమునకు తొడిగి నీరు చల్లును. పట్టా ముడుచుకొని కొయ్య అతుకులనన్నింటిని ఒక్కసారిగా బిగించును.

ఉక్కును చెక్కిన కొయ్యతో కూర్చి శిల్పమువలె మలచిన బల్లలు, బీరువాలు నేడు కలవారి యిండ్లలో ఆదరము పొందుచున్నవి. అది కేవలము విదేశపు వింత యని పలువురి తలంపు. ఆ తలంపు సరికాదని మా అభిప్రాయము. అయినను విదేశమున ఆ పనిని చక్కగా చేసినవారిని మన విద్యార్థు లెఱుగవలెను.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున, డెలావేర్ నదియొడ్డున న్యూహోప్ అను చిన్న ఊరు కలదు. 1950ల నడుమ అచ్చట ఫిలిప్ లాయిడ్ పవెల్, పాల్ ఎవాన్స్ అను ఇరువురు ఒకే దుకాణమున పని సాగించిరి. పవెల్ (1919–2008) అక్రోటు కొయ్యను చేతితో చెక్కెడివాడు. ఎవాన్స్ (1931–1987) మొదట వెండిపని నేర్చినవాడు. ఉక్కును కోసి, అతికి, రంగులును బంగారురేకును అద్దెడివాడు. ఒకరి కొయ్యకు మఱియొకరి లోహము తోడై బీరువాలు వెలసెను. 1964 నుండి ఎవాన్స్ డైరెక్షనల్ అను వర్తకసంస్థతో చేరి పెద్ద కర్మశాల నడపెను. పవెల్ కొద్దిపాటి చేతిపనియందే నిలిచెను. మేము పవెల్ పక్షము. కాని ఎవాన్స్ శాల పలువురికి కూడు పెట్టినదను మాటను త్రోసిపుచ్చజాలము.

ఆ న్యూహోప్‌లోనే నివసించిన జార్జి నకషిమా (1905–1990) అను కొయ్యపనివాడు అంతకుముందు, 1937–39 నడుమ, మన పుదుచ్చేరిలో ఉండెను. అరవిందాశ్రమపు వసతిగృహ నిర్మాణమును ఆయన దగ్గరుండి చూచెను. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ పూనికచే నిజాము ప్రభుత్వపు విరాళము లభించుటచే ఆ భవనమునకు ‘గోల్కొండ’ యని పేరిడిరి. తెలుగునాటి కోట పేరు యానాం బడిపిల్లలకు పుదుచ్చేరి వీథిలో ఎదురగుట ముచ్చట కాదా!

ఇక కొయ్యను ఉక్కుతో కూర్చుట ఎందుకు కష్టము? కొయ్య వానకాలమున ఉబ్బును, ఎండకాలమున కుంచించును. పోగునకు అడ్డముగా ఈ కదలిక హెచ్చు. ఉక్కు తేమకు ఉబ్బదు. రెంటిని కదలకుండ బిగించినచో పలక పగులును. కావున తెలిసినవాడు ఉక్కుపట్టీలో మరచీలకు గుండ్రని బెజ్జము గాక నిడుపైన బెజ్జము విడుచును. మఱియు తుమ్మవంటి కొయ్యలలోని వగరు తడియందు ఇనుముతో కలిసిన నల్లని మరక పడును. కరక్కాయ రసము పట్టించిన బట్టపై కలంకారీ నలుపు పుట్టునదియు ఇట్టి కలయికచేతనే! మనవంటి గోదావరి పాయయొడ్డు ఊరిలో ఉప్పుగాలి ఇనుమును తినుట వేఱే చెప్పనక్కఱలేదు. ఇందుచే కమ్మరికి కొయ్య గుణమును, వడ్రంగికి ఇనుప గుణమును తెలియవలెను. ఇరువురును ఒకచోట కూర్చుండి పనిచేయనిదే ఇది కుదురదు.

నేడు తఱచుగా అమ్ముడగునవి ఇనుపగొట్టములకు పలక బిగించిన కుర్చీలు. అవి చౌక, కొనువారిని మేము నిందింపము. కాని కొలిమి ఆరినచోట మాటలును ఆరిపోవును. చిత్రిక, బాడిస, దాగలి, కొలిమితిత్తి — వీనిని గుర్తుపట్టగల పిల్లలు తరగతికి ఎందఱు? ‘చేవగల యువకులు’ అని వ్యాసమున వ్రాయు విద్యార్థి మ్రానిలోని చేవను, దానిచుట్టు నుండు తెల్లచెక్కను చూచి యెఱుగడు. పలుభాషల నడుమనున్న మనవంటి చోట తెలుగు పద్యములలో ఎంత బ్రతుకునో పనివాని నోటను అంతయే బ్రతుకును.

కావున మా సూచన యిది. ఏటేట ఒక బల్లనైనను ఊరి వడ్రంగిచేతను కమ్మరిచేతను బడిలోనే చేయింపవలెను. బాలబాలికలు కొలతలు వ్రాసికొని, పటము గీచి, ప్రతి భాగమునకు పనివారు చెప్పిన పేరును నోటుపుస్తకమున ఎక్కింపవలెను. ‘ఉలి తప్పించుటకే పిల్లవానిని బడికి పంపితిని’ అని వడ్రంగియైన తండ్రి యనవచ్చును. ఆ మాటలో న్యాయమున్నది. పనికి తగిన ప్రతిఫలము లేనిదే ఆయనకు మేము బదులు చెప్పజాలము. అందుచే ఆ బల్లకు బజారు కుర్చీ వెలను చూపి బేరమాడరాదు. ఇరువురి కూలిని ముందే నిర్ణయించి, పని ముగిసిన నాడే చెల్లింపవలెను.