ఆడపిల్లకు పదివేల నాణేలు

పోయిన నెల పెన్షన్ గురించి, హయాతీ దాఖలా గురించి రాస్తే గల్లీలో ఇద్దరు ముగ్గురు ఆపి, "ఎప్పుడూ ఆ కాగితాల బాధేనా అవ్వా, జర సినిమా ముచ్చట రాయరాదూ" అన్నరు. సరే, ఈ నెల సినిమా ముచ్చటే. దాంతోపాటు ఫోన్లో ఆడే ఆటల ముచ్చట కూడా. రెండింటి రోగం ఒక్కటే కాబట్టి కలిపి రాస్తున్న.

ముందు ఆట. మా చిన్న మనుమరాలు మూడో తరగతి. బడి నుంచి రాంగనే ఫోన్ గుంజుకొని ఉరుకుడు ఆట మొదలు పెడుతది. దాని పేరు 'టెంపుల్ రన్'. 2011లో వచ్చిన పాత ఆట. ఒకడు గుడిలో విగ్రహం ఎత్తుకొని ఉరుకుతుంటడు, వెనక కోతుల్లాంటి భూతాలు తరుముతుంటయి. దారి పొడుగునా బంగారు నాణేలు. దుంకాలె, వంగాలె, మలుపు తిరగాలె, నాణేలు ఏరుకోవాలె.

"ఉరికేది ఎప్పుడూ ఆ మగోడేనా, ఆడపిల్ల లేదా బిడ్డా?" అని అడిగిన.

"ఉన్నది అవ్వా. కానీ కొనాలె. పదివేల నాణేలు."

మగోడు ఆటతోనే వస్తడు, ఉత్తగ. ఆడపిల్లగా ఉరకాలంటే ముందు మగోడిగా ఉరికి పదివేల నాణేలు సంపాయించాలె. ఇంకో ఇద్దరు ముగ్గురు మగోళ్ళకు కూడా ధర ఉన్నదట, అది వేరే సంగతి. ఉత్తగ దొరికేటోడు మాత్రం మగోడు. ఈ ఆట తయారు చేసినోళ్ళు ఇద్దరు ఆలుమగలు. అందులో ఆడమనిషి కూడా ఉన్నది. అయినా చేయి మొదలు మగ బొమ్మ మీదికే పోయింది. వాళ్ళది చెడ్డ బుద్ధి అని నేను అనను. అలవాటు అంత లోపలికి దిగి ఉంటది.

మా పెద్ద మనుమరాలు పుణేలో చదువుతది. దానికి కాలేజీలో ఇదే పాఠం, సినిమాల్లో ఆటల్లో ఆడవాళ్ళను ఎట్ల చూపిస్తున్నరు అని. దీపావళికి వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నది తెలుగులో విప్పి చెప్పింది. 2015లో అమెరికాలో 12 ఏండ్ల పిల్ల ఒకతి ఇట్లాంటి ఉరుకుడు ఆటలు 50 ఏరి లెక్క కట్టిందట. బొమ్మ ఆడో మగో తెలిసే ఆటల్లో నూటికి 98 ఆటల్లో మగపిల్లగాడు ఉన్నడు. ఆడపిల్ల ఉన్నవి నూటికి 46. పైసలు లేకుండ మగపిల్లగాణ్ణి ఇచ్చేవి 90, ఆడపిల్లను ఇచ్చేవి 15. ఆ లెక్క వాషింగ్టన్ పోస్ట్ పేపర్లో అచ్చయింది. పన్నెండేండ్ల పిల్ల! మన మిల్లుల్లో ఆడవాళ్ళకు ఏ ఖాతాలో ఎంత పగార్, మగోళ్ళకు ఎంత అని ఇట్ల ఒక్కరు కూర్చొని లెక్క కట్టి ఉంటే ఎంత బాగుండు.

ఈ ఆటల పుట్టుకే అట్ల ఉన్నది. 1981లో జపాన్ వాళ్ళు 'డాంకీ కాంగ్' అని తీసిన్రు. పెద్ద కోతి ఒకటి పిల్లను ఎత్తుకుపోయి మీద కూర్చుంటది, వడ్రంగి ఒకడు నిచ్చెనలు ఎక్కి విడిపించాలె. 1985లో 'సూపర్ మారియో' వచ్చింది. అందులో రాజకుమారిని ఎత్తుకుపోతరు. కోట తర్వాత కోట గెలిచి పోతే, రాజకుమారి ఇక్కడ లేదు వేరే కోటలో ఉన్నదని చెప్తరు. ఆమె పని ఎత్తుకుపోబడుడు, ఎదురు చూసుడు. మన సీతమ్మను కూడా ఎత్తుకుపోయిండు కదా అంటరేమో. సీతమ్మ గడ్డిపోచ అడ్డం పెట్టి రావణుని మొఖాన ఇన్ని మాటలు అన్నది. ఈ రాజకుమారికి ఆ పాటి మాట కూడా పెట్టలేదు.

1986లో 'మెట్రాయిడ్' అని ఇంకోటి. ఇనుప తొడుగు, తలకు టోపీ పెట్టుకున్న వీరుడు ఆట పొడుగునా కొట్లాడుతడు. చివరికి టోపీ తీస్తే ఆడమనిషి! నేను చప్పట్లు కొట్టబోయిన. "ఆగు అమ్మమ్మా" అన్నది పెద్దది. ఆట ఎంత జల్దీ గెలిస్తే చివర్లో ఆమె ఒంటి మీద బట్టలు అంత తక్కువ చూపిస్తరట. గంట లోపల ముగిస్తే ఈతబట్టలే. ఎక్కువ మాల్ తీస్తే మిల్లులో మనకు బోనస్ ఇచ్చినట్టు, ఆటగాడికి అది బోనస్. కొట్లాట అంతా చేసింది ఆమె, బహుమానంగా ఇచ్చేది కూడా ఆమెనే.

ఇగ సినిమా. 1975లో ఇంగ్లండులో లారా మల్వీ అనే ఆమె ఒక వ్యాసం రాసింది. మనుమరాలు చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్న. సినిమాలో కథ నడిపేటోడు మగోడు, చూపించబడేది ఆడది. కెమెరా మగోని కన్ను లెక్క తిరుగుతది. టికెట్ కొని కూర్చున్న మనం ఆడవాళ్ళమైనా సరే, మన కంటికి కూడా ఆ అద్దాలే తగిలిస్తరు. ఇది పుస్తకంలో చదవకముందే నాకు తెలుసు. నేను పని చేసిన మిల్లులో వైండింగ్ ఖాతాకు కొత్త బదిలీ పిల్ల వస్తే జాబర్ అట్లనే చూస్తుండె. కాళ్ళ నుంచి మొదలు పెట్టి, నడుము దగ్గర ఆగి, మొఖానికి ఆఖర్న వస్తుండె. చేతులు చూడకపోతుండె. వైండింగ్‌లో పిల్ల పనికొస్తదా లేదా అనేది చేతుల్లో తెలుస్తది, తెగిన పోగును ఎంత జల్దీ ముడి వేస్తదో అందులో. పాటలు తీసే కెమెరాకు కూడా ఆడదాని చేతులు కనబడవు. గాజులు కనబడతయి.

1985లో అమెరికాలో అలిసన్ బెక్డెల్ అనే బొమ్మల కథలు గీసే ఆమె ఒక పరీక్ష పెట్టింది. ఆలోచన తన దోస్తుదని ఆమెనే చెప్పింది. సినిమాలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలె, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడాలె, ఆ మాట మగోని గురించి కాకుండా ఉండాలె. అంతే. మేము బీడీలు చుట్టేటప్పుడు టీవీ ముందు నలుగురం కూర్చొని ఈ పరీక్ష పెట్టినం. చాలా సినిమాలు సగంలోనే ఫెయిల్. పాసైన ఒక సినిమాలో అత్తా కోడలూ బంగారం గురించి కొట్లాడుకున్నరు. మగోని పేరు రాలేదు, పాసే! మా వదినె పడి పడి నవ్వింది. అందుకే ఆ పరీక్ష నాకు సరిపోలేదు. నేను ఇంకో ప్రశ్న అడుగుత. ఆమె బతకడానికి ఏం పని చేస్తది, దానికి ఎంత పగార్ వస్తది?

ఈ ప్రశ్న పెట్టుకొని చూడండి, తమాషా తెలుస్తది. సినిమాల్లో కుట్టు మిషన్ తల్లి ఉంటది కదా, భర్త పోయి, కొడుకు చదువు కోసం రాత్రంతా కుడుతుంటది. మిషన్ చప్పుడు వినబడుతది, దగ్గు వినబడుతది. జాకెట్‌కు ఎంత మజూరీ అనేది ఒక్క సినిమాలో వినలేదు. ఆమె కష్టం అంతా కొడుకు పెద్దయ్యి హీరో కావడానికి. హీరోయిన్‌కు ఆ మిషన్ కూడా ఉండదు. కాలేజీకి పుస్తకం ఛాతీకి ఆనించి పోతది, ఏం చదువుతున్నదో మనకు తెల్వది.

పాత వాటిల్లో 'మిస్సమ్మ' నాకు ఇష్టం. 1955 సినిమా. సావిత్రి నౌకరీ కోసం తిరుగుతది, ఇంటి మీద అప్పు ఉన్నది. ఆలుమగలు ఇద్దరూ పంతుళ్ళు అయితేనే నౌకరీ ఇస్తమంటే, పరాయి మనిషితో ఉత్తుత్తి పెండ్లాంగా పోతది. నౌకరీ కావాలె కాబట్టి పోయింది, ప్రేమ కోసం కాదు. కోపం వస్తే కోపం చూపిస్తది, ముడుచుకొని కూర్చోదు. కానీ చివరికి ఏమైతది? ఆమె ఆ జమీందారుకే తప్పిపోయిన బిడ్డ అని తెలుస్తది. ఇగ నౌకరీ అవసరమే లేదు. ఎంత నవ్వుకున్నా ఆ చివరి మలుపు నాకు మింగుడు పడదు. నౌకరీ చేసే ఆడదాన్ని నౌకరీ చేసేదానిగానే ఇంటికి పంపితే ఏం పోయె?

మన పని మీదికి వద్దాం. 2019లో 'మల్లేశం' వచ్చింది. చింతకింది మల్లేశం కథ మన పద్మశాలీలకు కొత్తగా చెప్పే పని లేదు. ఆలేరు దగ్గరి శారాజీపేట మనిషి, ఆరో తరగతితో చదువు ఆగింది. పోచంపల్లి చీరకు రంగు కట్టే ముందు ఆసు పోయాలె. ఒక చీరకు చేయి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలె. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేల సార్లు. వాళ్ళ అమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన ఏండ్ల కొద్దీ తిప్పలు పడి 1999కి ఆసు మిషన్ చేసిండు. 2017లో పద్మశ్రీ ఇచ్చిన్రు. సినిమాలో అమ్మ వేషం ఝాన్సీ వేసింది. ఆ భుజం, ఆ చేయి చూపించిన్రు. ఆసు పోసుడు ఇంటిపని కాదు, పని అని తెర మీద చూసుడు నాకు అదే మొదటిసారి. నా పక్కన కూర్చున్న ఆమె తన భుజం పట్టుకున్నది, తనకు తెలియకుండనే.

అందులో కూడా కథ కొడుకుదే, పేరు కొడుకుదే. నిజమే. మిషన్‌కు మాత్రం తల్లి పేరు పెట్టిండు, లక్ష్మీ ఆసు మిషన్.

ఆడవాళ్ళు డైరెక్టర్లైతే అంతా మారుతదని పెద్ద మనుమరాలు అంటది. మనకు డైరెక్టర్లు లేకపోలేదు. భానుమతి 1953లోనే 'చండీరాణి' తీసింది, మూడు భాషల్లో. సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' తీసింది. విజయనిర్మల 44 సినిమాలు తీసి గిన్నిస్ బుక్కు ఎక్కింది. అయినా టెంపుల్ రన్ చేసిన ఆడమనిషి సంగతి పైన రాసిన కదా. ఒక్కరు ఇద్దరు కూర్చుంటే ఖాతా మారదు.

ఇదంతా సినిమాయే కదా, ఇంత రాయాలెనా అనేటోళ్ళ కోసం మా పక్క గల్లీ సంగతి చెప్త. పేర్లు రాయను. పదకొండో తరగతి పిల్ల, బస్సులో కాలేజీకి పోతుండె. సాంచా మీద పని చేసే పిల్లగాడు ఒకడు మూడు నెలలు వెంట తిరిగిండు. స్టాపు దగ్గర నిలబడుడు, బస్సెక్కుడు, ఫోన్ నంబర్ సంపాయించి రాత్రిళ్ళు చేసుడు. పిల్ల వద్దన్నది, తిట్టింది, చెప్పు చూపించింది. పిల్లగాడు తాగుబోతు కాదు, పగార్ తెచ్చి తల్లి చేతిలో పెట్టేటోడు. నేనే పిలిచి అడిగిన, అది వద్దన్నంక ఎందుకురా అని. వాడు నిజంగానే ఆశ్చర్యపోయి, "అవ్వా, ఏ సినిమాలనన్నా పిల్ల మొదలే ఒప్పుకుంటదా?" అన్నడు.

వాడి లెక్కలో ఆమె వద్దన్నది ఇంటర్వెల్ ముందు భాగం.

తర్వాత ఏమైంది? తండ్రి పిల్ల చదువు బంద్ పెట్టిండు. ఇప్పుడు ఇంట్లో కూర్చొని టావెళ్ళ అంచులు కుడుతది. పిల్లగాడు ఎప్పటిలెక్కనే పాళీకి పోతున్నడు. తండ్రిని కూడా అడిగిన. "పరువు అక్కా" అన్నడు. ఆ తండ్రి ఒక్కటి తెలుసుకోవాలె. 2013లో చట్టం మార్చిన్రు. ఆడమనిషి ఇష్టం లేదని తేల్చి చెప్పినంక కూడా మళ్ళీ మళ్ళీ వెంటబడుడు, ఆమె ఫోన్, ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టుడు నేరం. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. మొదటిసారి రుజువైతే 3 ఏండ్ల దాకా జైలు. పోలీసు స్టేషన్‌కు పోయే ముందు వాడి తల్లి దగ్గరికి, కార్ఖానా సేఠ్ దగ్గరికి నలుగురు ఆడవాళ్ళం పోతే కూడా పని అయితుండె. పిల్ల ఫీజు ఇంకా కట్టే ఉన్నది. జూన్‌లో మళ్ళీ చేర్పించమని తల్లి వెంట పడ్డ. తల్లి ఒప్పుకున్నది. తండ్రి ఇంకా ఏమీ అనలేదు.

మార్చిలో మా హాలులో ఆడవాళ్ళ దినం అని సినిమా వేస్తమంటున్నరు. 'మల్లేశం' వేయమని చీటీ రాసి ఇచ్చిన. పెద్ద హీరో బొమ్మైతేనే జనం వస్తరు అన్నరు పెద్దమనుషులు. పోయినసారి హాలులో ముందు మూడు వరుసలు విడిస్తే అంతా ఆడవాళ్ళే కూర్చున్నరు, ఆ లెక్క కూడా చీటీలో రాసిన. ఇంకా జవాబు రాలేదు. ఈ లోపల మీరు, భివండీలో సూరత్‌లో ఉన్నోళ్ళు కూడా, ఆడమనిషి తన పగార్ తను లెక్క పెట్టుకునే సీను ఏ సినిమాలనన్నా చూసి ఉంటే పేరు రాసి పంపండి. మా గల్లీలో అందరం కలిసి యాది చేసుకుంటే నాలుగే వచ్చినయ్. అందులో ఒకదాని మీద ఇంకా పంచాయితీ నడుస్తున్నది.