డేటాసెట్‌లో లేని నాయనమ్మ

ఈ సెమిస్టర్ మా బ్యాచ్‌లో మూడు టీమ్‌లు కలుపును గుర్తుపట్టే కెమెరా ప్రాజెక్టే తీసుకున్నాయి. అందులో మాదొకటి. నర్సంపేట దగ్గర మా ఊళ్లో, పాకాల చెరువు కింది పొలాల్లో ఫొటోలు తీసి మోడల్‌కి నేర్పించాం. తుంగను బానే పట్టింది. ఊద దగ్గరికొచ్చేసరికి బోల్తా కొట్టింది. ఊదను వరి అంటది, వరిని ఊద అంటది. అనక ఏం చేస్తది? హాస్టల్ రూమ్‌లో కూర్చుని అంచనాగా లేబుల్స్ పెట్టింది మేమే కదా.

సంక్రాంతికి ఇంటికి పోయి నాయనమ్మకు ల్యాప్‌టాప్ చూపించా. ఆమె స్క్రీన్ చూడకుండా నారుమడికి తీసుకుపోయింది. రెండు మొక్కలు పీకి, "ఆకు మొదట్ల చూడు బిడ్డా" అంది. ఆకు కాండాన్ని పట్టుకున్న చోట వరికి పల్చటి పొర, చిన్న చెవుల్లాంటివి ఉన్నాయి. ఊదకు ఏమీ లేవు, నున్నగా ఉంది. మా ఫొటోలన్నీ పైనుంచి తీసినవి!

ఊద ఏడాది గడ్డి. వరి కోతకు ముందే పండి, వేల గింజలు రాల్చుకుంటది. వరి సీ3 మొక్క, ఇది సీ4, ఎండ ఎక్కువైతే ఇంకా జోరుగా పెరుగుతది. అసలు తమాషా ఇంకోటుంది. కలుపు తీసేవాళ్లు తేడాగా కనిపించిన మొక్కనల్లా పీకేస్తే, వరిలా ఉన్నదే మిగిలి విత్తనం వేస్తుంది. రష్యా శాస్త్రవేత్త వావిలోవ్ పేరుతో పిలిచే అనుకరణ ఇది. చైనాలో యాంగ్జీ నది ప్రాంతపు ఊద సుమారు వెయ్యేళ్ల కిందట ఇలా వేషం మార్చిందని 2019లో జన్యు పరిశోధకులు తేల్చారు. జీఏఎన్ చదివినోళ్లకు అర్థమయ్యే ఉంటది, ఇక్కడ డిస్క్రిమినేటర్ కూలికి వచ్చిన మనుషుల కన్ను.

ఇదే గడ్డి జాతిలో సాగుకు తెచ్చుకున్న రకమే మనం ప్యాకెట్లలో కొనే ఊదలు. 2023 చిరుధాన్యాల సంవత్సరం అని పోస్టర్లు వేసినప్పుడు మనలో ఎంతమందికి ఈ చుట్టరికం తెలుసు? పొలంలో పీకిన ఊదను నాయనమ్మ పారెయ్యదు, బర్రెకు వేస్తది.

నా మాట ఒక్కటే. కలుపు ప్రాజెక్టు చేసేవాళ్లు లేబుల్స్ కలుపు తీసేవాళ్లతోనే పెట్టించాలి. వాళ్లకు ఆ రోజు కూలి ఇవ్వాలి, రిపోర్టులో పేర్లు రాయాలి. సెన్సార్‌కి బిల్లు పెడతాం కదా, దీనికెందుకు పెట్టం?

మేం మళ్లీ ఫొటోలు తీశాం, ఈసారి మొక్క పక్కన వంగి. నాయనమ్మ, ఇంకో ముగ్గురు ఆడోళ్లు చూసి చెప్పారు. పొద్దుగూకినంక నాయనమ్మ అడిగింది: "గీ మిషిను వస్తే మాకు కూలి ఉంటదా?"

ఏం చెప్పాలో తోచక ఛార్జర్ వెతుక్కున్నా. రెండో రివ్యూ వచ్చే వారం. ఆ ప్రశ్నను రిపోర్టులో 'పరిమితులు' కింద రాద్దామని నేను, వద్దని మా టీమ్. ఇంకా తేలలేదు.