గడ్డ పేరు తేల్చే రంగు

నల్లగొండ జిల్లా హాలియాలో హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డవారిలో ఆసుపత్రి ఫైలు చంకన పెట్టుకున్నవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. ఏమైందని అడిగితే, "కడుపుల గడ్డయింది, కోసి తీసిండ్రు, ముక్క పరీక్షకు పంపిండ్రు" అంటారు. ఆ ముక్క పరీక్ష గురించే ఈ నాలుగు మాటలు.

కడుపులో, పేగుల్లో పుట్టే గడ్డల్లో జిస్ట్ అనేదొకటుంది. అరుదైనదే. పేగుల కదలికకు లయనిచ్చే కహాల్ కణాల వంశం దానిది. మామూలు రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే కండరపు గడ్డలాగో, నరపు గడ్డలాగో ఉంటుంది. అందుకే ఏళ్ల తరబడి రిపోర్టుల్లో కండరపు గడ్డ అనే రాశారు. ఆ తప్పు డాక్టర్లది కాదు, అంతకు మించి తెలుసుకునే దారి అప్పుడు లేదు. 1998లో జపాన్‌లో హిరోటా బృందం అసలు సంగతి కనిపెట్టింది. ఈ గడ్డల్లో చాలావాటి కణాల్లో కిట్ అనే జన్యువు చెడి, కణాన్ని ఆగకుండా పెరగమంటోంది.

ఆ కిట్ జాడ పట్టేందుకు యాంటీబాడీ పనికొస్తుంది. ఒంట్లోకి రోగక్రిమి చొరబడితే పుట్టే యాంటీబాడీ తనకు సరిపోయేదాన్నే వెతికి పట్టుకుంటుంది. ల్యాబ్‌వాళ్లు ఆ గుణాన్నే వాడుకుంటారు. మైనంలో పోతపోసిన ముక్కను వెంట్రుక కంటే పలుచగా కోసి, గాజుపలక మీద పరిచి, కిట్ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను పట్టే యాంటీబాడీ వేస్తారు. అది అతుక్కున్నచోట గోధుమరంగు తేలుతుంది. నూటికి 95 జిస్టుల్లో ఇది కనిపిస్తుంది. కనిపించని కొద్దింటికి 2004లో వెలుగులోకి వచ్చిన డాగ్1 అనే మరో గుర్తు ఆసరా.

పేరు తేలితే వైద్యమే మారిపోతుంది. ఈ గడ్డ మామూలు కీమోకు లొంగదు, ఇమాటినిబ్ మాత్రకు చాలావరకు లొంగుతుంది. ఆ మాత్రను మన హైదరాబాద్ సంస్థ నాట్కో 2003లో వీనాట్ పేరుతో తెచ్చింది. విదేశీ కంపెనీ మందుకు నెలకు లక్షా ఇరవై వేలదాకా అవుతుంటే, ఇక్కడి మందు పదివేల లోపే దొరికేది. ఆ కంపెనీ కోరిన పేటెంట్‌ను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పేదింటి రోగికి ఇంత మేలు చేసిన తీర్పులు అరుదు.

మందు అందేంత దగ్గరికొచ్చాక, పరీక్ష చేయించకపోవడం వల్ల అది అందకపోతే అంతకంటే బాధ ఏముంటుంది? కోసి తీసిన ముక్కను ఆలస్యం చేయకుండా దానికి పదింతల ఫార్మలిన్‌లో వేయాలి. ముక్క చెడితే యాంటీబాడీకి పట్టు దొరకదు. చిన్న ఊళ్లో ఆపరేషన్ చేసే సర్జన్లు ఈ ఒక్కటీ మరువొద్దని వేడుకుంటున్నాం.

ఇంటివాళ్లకూ ఒక మాట. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రికో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో పోయేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. మైనం బ్లాకు, స్లైడ్లు అడిగి వెంట తీసుకెళ్లండి. నల్లగొండ ఎండలో వాటిని బస్సు అద్దం పక్కన మాత్రం పెట్టకండి, మైనం మెత్తబడుతుంది.