పేల్చని తుపాకీనే ముందు తుడవాలి



పంట కాపలాకి లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లలో తరచూ వినే మాట ఒకటుంది: "పేల్చిందే లేదు, తుడిచేదేముంది?" నేనైతే ఒప్పుకోను. పేల్చని తుపాకీతోనే ఎక్కువ ప్రమాదం.

మా పెదనాన్నది ముందు నుంచి మందు కూరే తుపాకీ. ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించి, తర్వాత తెచ్చుకున్నారు. తెచ్చాక అటక మీదే. పందులు చేనులో పడ్డాకే గుర్తొచ్చింది. మందు పోసే ముందు గజం దించి చూస్తే నాలుగు వేళ్లు తక్కువ దిగింది. లోపల ఉన్నది పాత మందా, మట్టా? లైసెన్సున్న మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్తే కందిరీగ కట్టిన గూడు బయటపడింది. అలాగే పేల్చి ఉంటే గొట్టం పగిలి పెదనాన్న చెయ్యో కన్నో పోయేది.

అందుకే మొదటి పని ఇది. గొట్టం మూతి మన వైపు లేకుండా పట్టుకుని గజం అడుగుదాకా దించండి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. తీసి గొట్టం పక్కన బయట ఆనించి చూడండి. చివర క్యాపు పెట్టే చోటు దాకా రాకపోతే లోపల ఏదో ఉన్నట్టే. గెలకొద్దు, తెలిసినవాళ్లకి చూపించండి.

ఇక శుభ్రం సంగతి. నల్లమందులో ఉండేవి సురేకారం, గంధకం, బొగ్గు. కాలాక మిగిలే మసిలో ఉప్పులుంటాయి, అవి గాలిలో తేమని లాగేస్తాయి. మనవాళ్లు ఆ మసి మీదే నూనె పూస్తారు. నూనె కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఉప్పుని కరిగించేది నీళ్లే. పేల్చిన రోజే వేడినీళ్లతో కడగండి. వేడికి ఇనుము కాగి తొందరగా ఆరుతుంది. గజానికి గుడ్డ చుట్టి, తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా తుడవండి. తడి పూర్తిగా పోయాకే పల్చగా నూనె రాయండి. మళ్లీ మందు పోసే ముందు ఆ నూనె కూడా తుడిచెయ్యాలి, లేకపోతే మందు తడుస్తుంది. వాడకపోయినా వానాకాలంలో నెలకోసారి గుడ్డ తిప్పండి.

ఇంకోమాట. లైసెన్సు తుపాకీకే గానీ వేటకి కాదు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పందినైనా అనుమతి లేకుండా కొట్టకూడదు.

అరక, మోటారు చూసుకున్నట్టే దీన్నీ చూసుకోండి. మీ ఇంట్లో తుపాకీ ఉంటే గొట్టం చివరిసారి ఎప్పుడు చూశారో ఓసారి గుర్తు చేసుకోండి.